ఆరడుగుల శిథిల నగరం

కూలిపోయిన ఊరొకటి కట్టిపెట్టమని కూతురు అడిగినప్పుడు క్రీస్తుదాసు మేస్త్రి మొదట వేసిన ప్రశ్న, తూర్పు ఎటు అని. వాస్తు మీద నమ్మకం ఉండి అడిగింది కాదు. ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఈశాన్యంలో నీళ్ళుంటే సంపద పెరుగుతుందనీ, నైరుతిలో బరువుంటే ఆయుష్షు పెరుగుతుందనీ ఏనాడూ అనుకోలేదు. అయితే నలభై ఒక్క ఏళ్ళుగా ఆయన చేత ఇల్లు కట్టించుకున్న వాళ్ళంతా మొట్టమొదట ఆ సంగతే తేల్చారు గనుక, అది తేలకుండా పని మొదలుపెట్టడం ఆయనకు చేతకాదు.

"తూర్పేంది నాయనా, అది బల్ల మీద ఊరు. ఎటు తిప్పితే అటే తూర్పు" అంది మెర్లిన్.

"అట్టయితే వీధిపోటు ఎవురికొస్తాది?"

"ఎవురికొచ్చినా ఒకటే. ఊళ్ళో ఎవురూ లేరు. బాంబులు పడి పోయినారు."

మేస్త్రి కాసేపు ఆలోచించి, ఇంటి యజమాని లేని పని ఇదే మొదలు అన్నాడు.

మెర్లిన్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. నాయుడుపేట నుంచి రోజూ కంపెనీ బస్సులో తడ దగ్గరి పారిశ్రామికవాడకు పోయి, ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకుకు లోపాలు వెతికే ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే ఆమె చేసే పని చిటికెన వేలి రెండు కణుపులంత ఎత్తున్న సైనికుల బొమ్మలకు సన్న కుంచెతో రంగులు వేయడం. అవి అల్మారాలో పెట్టుకొని చూసి మురవడానికి కాదు, ఆడడానికి. ఇద్దరు ఆటగాళ్ళు, చెరొక ముప్ఫై నలభై మంది సైనికులు, నాలుగు పాచికలు, ఒక టేపు. ఎవరి సైనికుడు ఎన్ని అంగుళాలు నడవవచ్చో, ఎంత దూరం కాల్చవచ్చో టేపు చెబుతుంది. గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది. గోడ చాటున ఉన్నవాడు బతుకుతాడు, నడివీధిలో నిలబడ్డవాడు చస్తాడు. కాబట్టి ఆటకు సైనికులెంత ముఖ్యమో గోడలూ అంతే ముఖ్యం.

చెన్నైలో ఈ ఆట ఆడే సంఘం ఒకటుంది. పన్నెండు మంది సభ్యులు. ఏడాదికొకసారి రెండు పక్షాలుగా చీలి ఒక పెద్ద పోరు పెట్టుకుంటారు, ఏదో ఒక సభ్యుడి ఇంట్లో. ఈ ఏడు మా నాయుడుపేటకు రండి అని మెర్లిన్ పిలిచేసింది. నియమం ప్రకారం బల్ల పిలిచినవాళ్ళదే, అంటే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న శిథిల నగరం ఆమె సిద్ధం చేయాలి. డిసెంబరు రెండో శనివారం ఆట. ఆ ముందు గురువారానికల్లా బల్ల ఫోటో చూసి సంఘం కార్యదర్శి మధుబాబు సరేననాలి. లేకపోతే ఆట చెన్నైలోనే. ఇంతవరకు బాగానే ఉంది గాని, నవంబరు మధ్యలో ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చి మెర్లిన్‌ను రెండో షిఫ్టుకు మార్చారు, ఆదివారాలు కూడా రమ్మన్నారు. అప్పుడామె తండ్రి వైపు చూసింది.

చూడడానికి తగిన కారణమే ఉంది. రెండేళ్ళ కిందట క్రీస్తుదాసు గోడ పక్కన కట్టిన కర్రల సారువ మీంచి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది; డాక్టరూ భార్య మగ్దలీనమ్మా కలిసి పని మాన్పించేశారు. అప్పట్నుంచి ఆయన వరండాలో కుర్చీ వేసుకొని, ఎదురుగా ఎవరో కడుతున్న మేడను చూసి, ఇటుక వరస అంగుళం దాకా తప్పుతోందని తనలో తాను చెప్పుకుంటూ కాలం గడుపుతున్నాడు. ఒప్పుకున్న పనిని చెప్పిన రోజు దాటకుండా అప్పగించడం తన జీవితంలో చెప్పుకోదగ్గ ఒకే ఒక్క విషయం అని ఆయన నమ్మకం. సారువ మీంచి పడ్డ ఆ ఒక్క ఇల్లు మాత్రం వేరే మేస్త్రి పూర్తి చేశాడు. ఆ ముల్లు లోపల అట్లాగే ఉంది. ఇప్పుడీ పని చెప్పిన రోజుకు అప్పగించగలిగితే తన లెక్కలో చివరి పని తప్పిన పని కాకుండా పోతుంది. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరం లేనంతగా మగ్దలీనమ్మకు తెలుసు.

"రెండో శనివారం. రాసుకోండి" అన్నాడు. ఎవరూ ఏమీ రాసుకోలేదు. అది ఆయన పని ఒప్పుకునే తీరు.

ముందు కొలత తేల్చాడు. సైనికుడు అంగుళం పైన కొంచెం. నిజమైన మనిషి ఐదున్నర అడుగులు. అంటే అంగుళానికి ఐదడుగులు. ఆ లెక్కన ఆరు నాలుగుల బల్ల అంటే మూడువందల అరవై అడుగుల పొడవు, రెండువందల నలభై అడుగుల వెడల్పు గల స్థలం: రెండు వీధులు, ఒక కూడలి, పది ఇళ్ళు. అట్టపెట్టెలు, థర్మోకోల్ పలకలు, తెల్ల జిగురు, జల్లించిన ఇసుక, సన్నని ఇనుప తీగ తెప్పించాడు. ముందుగదిలో నాలుగు స్టూళ్ళ మీద ప్లైవుడ్ పలక పరిచి, రసమట్టం పెట్టి చూశాడు. బుడగ రవ్వంత పక్కకు పోయింది. ఒక స్టూలు కింద అట్టముక్క పెట్టాడు.

"కూలిపోయే ఊరికి మట్టం దేనికి?" అంది మగ్దలీనమ్మ, పప్పు చాట పట్టుకొని అటుగా పోతూ. భోజనాల బల్లకు చోటు లేక అది పెరటి వరండాలోకి పోయింది గనుక ఆమెకు అడిగే హక్కుంది.

"ఊరు కూలింది. నేల కూలలేదు గదా."

తండ్రీకూతుళ్ళకు మొదటి తగువు రెండో రోజు పొద్దున వచ్చింది. మెర్లిన్ ఒక థర్మోకోల్ ముక్కను చేత్తో విరిచి, ఆ విరిగిన అంచును చూపించి, గోడలు ఇట్లా ఉండాలంది. క్రీస్తుదాసు ఒప్పుకోలేదు. నిలబడనిది కూలిందని ఎట్లా చెబుతాం, ముందు నిండుగా కట్టాలి, ఆ తరవాతే పగలగొట్టాలి అన్నాడు. వాదన తప్పు పట్టలేనిది. అందువల్ల మొదటి ఇల్లు నిండుగా కట్టాడు. మూడంతస్తులు, మూలమట్టం పెట్టి మూలలు, దారానికి గుండు కట్టి నిలువు, అంతస్తు అంతస్తుకీ తీగతో అల్లిన కమ్మీలు, కిటికీల మీద సజ్జాలు. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున మెర్లిన్ చిన్న సుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మేస్త్రి సుత్తి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, సజ్జా అంచున ఉన్న దుమ్ము తుడిచాడు.

"కొట్టు నాయనా."

"జిగురు ఇంకా పచ్చిగా ఉండాది. ముసురు గదా."

జిగురు నిన్ననే ఆరింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మెర్లిన్ బస్సుకు టైమై వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మేస్త్రికి ఒక మంచి ఉపాయం తోచింది. ఎట్లాగూ సగం పోయేదాన్ని నిండుగా కట్టి కష్టపడి పగలగొట్టడం దేనికి? సగంలో ఆపేస్తే పోలేదా? కాలం కలిసొస్తుంది, సుత్తి పని తప్పుతుంది. నూట డెబ్బై ఇళ్ళకు పైగా కట్టిన మనిషి తప్ప ఇంకెవరూ ఇంత తప్పును ఇంత తెలివిగా చేయలేరు. మిగతా తొమ్మిది ఇళ్ళూ వారంలో లేచాయి. ఒకదానికి రెండో అంతస్తు సగం, ఒకదానికి పైకప్పు లేదు, ఒకటి స్తంభాల వరకే. ఆపిన చోటల్లా స్తంభాల పైన తీగ కమ్మీలు నిటారుగా, ఒక్క ఎత్తున, వరసగా నిలబడ్డాయి. మొదటి ఇంటి పైకప్పును కూడా, పగలగొట్టకుండా, జిగురు తడిపి ఒడుపుగా ఊడదీశాడు.

పని ముగిసిన రోజు పక్కింటి హజరత్తయ్య, ఆయన భార్య చెంచులక్ష్మి చూడడానికి వచ్చారు. హజరత్తయ్య వరి రైతు. సముద్రం వైపు పోయే రోడ్డు మీద వాళ్ళ పల్లె. ఇరవై ఆరేళ్ళ కిందట అక్కడ ఆయనకు మేడ కట్టింది క్రీస్తుదాసే. నిరుడు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ మేడ ముందు సగం పోయింది. అంతకు ముందే వీళ్ళు నాయుడుపేటకు మారారు గనుక మిగిలిన సగంలో ఎరువు బస్తాలు వేసుకుంటున్నారు. క్రీస్తుదాసు ఆ తరవాత ఒక్కసారి కూడా ఆ రోడ్డున పోలేదు.

హజరత్తయ్య బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకొని, స్తంభాల ఇంటి దగ్గర ఆగాడు.

"బాగా కడతా ఉండావు మేస్త్రీ. స్లాబు ఎప్పుడేస్తావు?"

"స్లాబేంది? పని అయిపోయింది."

"అయిపోయిందా? కమ్మీలు పైకి వదిలేసుండావే. పైన ఇంకో అంతస్తు ఎయ్యాలనేగా?"

మేస్త్రి ఏదో చెప్పబోయేంతలో చెంచులక్ష్మి లోపలికి పోయి మగ్దలీనమ్మనడిగి ఒక నిమ్మకాయ, రెండు మిరపకాయలు, దారం తెచ్చింది. నిమ్మకాయ ఒక అంతస్తంత ఉంది. దాన్ని పక్కన పెట్టి, గుడ్డపీలికతో అంగుళం బొమ్మ చుట్టి, బొగ్గుతో కళ్ళూ మీసాలూ దిద్ది, మూడంతస్తుల ఇంటి కమ్మీకి కట్టింది.

"ఇంత బాగా లేస్తా ఉంటే ఊళ్ళో కళ్ళన్నీ దీని మీదే ఉంటాయన్నా. కప్పు పడిందాకా తియ్యబాకు."

దిష్టి అనేది ఉందా లేదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. దిష్టిబొమ్మను మాత్రం ఒక కొలత సాధనంగా తీసుకోవచ్చు: అది వేలాడే చోట కట్టడం జరుగుతున్నట్టు. పాడుబడ్డ కొంపకు దిష్టిబొమ్మ కట్టినవాళ్ళు లోకంలో లేరు. క్రీస్తుదాసుకు ఆ విషయం వెంటనే తట్టింది గాని, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మరునాడు పొద్దున మెర్లిన్ ఫోటోలు తీసి చెన్నైకి పంపింది. పది నిమిషాల్లో మధుబాబు జవాబు వచ్చింది. ఆమె పైకి చదవకుండా ఫోను దాచబోయింది.

"చదువు" అన్నాడు తండ్రి.

"'పనితనం అద్భుతం. ఫ్లాట్లు ఎప్పుడు బుక్ చేసుకోవచ్చు?' అన్నాడు."

"ఇంకా?"

"'జోకు పక్కన పెడితే, ఇది కడుతున్న ఊరు మెర్లిన్, కూలిన ఊరు కాదు. గురువారానికి మారకపోతే ఇక్కడే పెట్టేసుకుందాం. ఏమీ అనుకోవద్దు' అన్నాడు."

గురువారానికి తొమ్మిది రోజులుంది. మేస్త్రి కుర్చీలో కూర్చొని తన ఊరి వంక చూశాడు. అబద్ధం లేదు. నాయుడుపేటలో ఏ వీధికి పోయినా ఇట్లాంటి మేడలే: కమ్మీలు పైకి, ఇటుకలు పచ్చిగా, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక చూద్దామని ఆగిన రెండో అంతస్తులు. వాటిని చూసి ఎవరూ యుద్ధం జరిగిందనుకోరు.

"పోనీ నాయనా, చెన్నైలోనే ఆడుకుంటాం" అంది మెర్లిన్. ఆ మాట ఆయనకు ఓదార్పు కాలేదు.

మగ్దలీనమ్మ కాఫీ తెచ్చి, గ్లాసు పెట్టడానికి చోటు చూసి, కూడలిలో పెట్టింది.

"ఒకటి అడగనా? ఈ ఊళ్ళో వంటిల్లు ఏది?"

"ఇదిగో, ఆగ్నేయంలో. ప్రతి ఇంటికీ ఉండాది."

"అది నువ్వు వంటింటికని వదిలిన గది. వంటిల్లంటే నేనడిగేది. నువ్వు తాళాలు చేతికిచ్చి, వాళ్ళు పెట్టిన కొత్త పంచె కట్టుకోని వచ్చేస్తావు. ఆ తరవాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నీకేం తెలుసు? నీ ఇల్లు నీకే తెలవదు, ఫ్యాను స్విచ్చి ఎక్కడుండాదో ఇప్పటికీ తడుముకుంటావు. ఇందులో ఒక్క రోజన్నా ఎవురన్నా అన్నం తిన్నట్టుందా? తిననోళ్ళ ఇల్లు కూలేదెట్టా?"

మేస్త్రి కాఫీ తాగాడు. గ్లాసు కూడలిలోంచి తీసి కింద పెట్టాడు. తరవాత లేచి చొక్కా తొడుక్కొని, హజరత్తయ్య ఇంటి గేటు దగ్గర నిలబడి, "మీ పల్లెకు పోదాం, ఇల్లు చూడాల" అన్నాడు. నిరుటి నుంచీ ఆయన ఆ మాట ఎత్తలేదని తెలిసిన హజరత్తయ్య ఏమీ అడక్కుండా ఆటో పిలిచాడు. ఎరువు బస్తాల సంగతి చూసుకోవాలని చెంచులక్ష్మి కూడా ఎక్కింది.

ఇల్లు రోడ్డు మీద నిలువుగా కోసిన రొట్టెలా ఉంది. ముందు గోడ లేదు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, నాలుగూ లోకానికి తెరుచుకొని ఉన్నాయి. క్రీస్తుదాసు ఆటో దిగి, చేతికర్ర ఆనుకొని నిలబడ్డాడు. ముందు ఆయన కళ్ళు వృత్తి మనిషి కళ్ళు గనుక కమ్మీల మీద పడ్డాయి. ఒక్కటీ పైకి చూడడం లేదు. తెగిన స్లాబు అంచు నుంచి అన్నీ కిందికి వంగి, ఒక్కోటి ఒక్కో పొడవున, కొసన సిమెంటు గడ్డలు పట్టుకొని వేలాడుతున్నాయి. ఇటుకలు మెట్లు మెట్లుగా విరిగాయి. అతుకు దగ్గర విరిగాయి గాని ఇటుక మధ్యలో విరగలేదు. గోడ పడితే ఇటుక చీలకుండా అతుకే విడాలి గనుక, తాను సిమెంటూ ఇసుకా కలిపిన పాళ్ళు సరిగ్గానే ఉన్నాయని ఒక క్షణం సంతోషించాడు.

తరవాత రంగులు చూశాడు. తాను అప్పగించినప్పుడు ఇల్లంతా తెల్లసున్నం. ఇప్పుడు కింద గది గులాబీ, దాని కింద నుంచి పెచ్చులూడిన చోట నీలం, నీలం కింద పసుపు.

"ఇక్కడ గోడ నల్లగా ఉందే, చెమ్మా?" అన్నాడు, మనిషి కూర్చుంటే తల ఆనే ఎత్తున ఉన్న గుండ్రటి మరకను చూపించి.

"అది మా మామ తలన్నా" అంది చెంచులక్ష్మి. "ఇరవై ఏండ్లు ఆ గోడకే ఆనుకోని కూర్చున్నాడు. ఆముదం బాగా రాసేవాడు. ఎన్ని రంగులేసినా పైకి తేలేది. ఆయన పోయినాక గూడా తేలింది."

"దయ్యం గియ్యం కాదుగదా" అన్నాడు హజరత్తయ్య.

"నూనె" అన్నాడు మేస్త్రి, ఖచ్చితంగా.

పై గదిలో ఒక చదరపు చోటు చుట్టూ ఎర్రటి చుక్కలు మెరుస్తున్నాయి. అక్కడ అద్దం ఉండేదట. కూతురు బిందు పెళ్ళయి పోయేదాకా పొద్దున నుదుటికి, రాత్రి గోడకు అతికించిన బొట్టుబిళ్ళలట. స్విచ్చుల చుట్టూ వేళ్ళ మురికి. క్యాలెండరు ఉన్న మేర మాత్రం రంగు వెలవని నలుచదరం. వంటింట్లో పొయ్యి పైన మసి, నిలువునా జ్వాల ఆకారంలో. మేస్త్రి మేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఒక్క గోడకి ఇరవై మూడు మేకులా? నేను ప్లాస్టరింగు చేసిచ్చిన గోడకి?"

"ఒకటి జల్లెడకి, ఒకటి గొడుక్కి, ఒకటి ఈయన చొక్కాకి..."

"మిగతా ఇరవై?"

"ఊరికె కొట్టుకున్నాం లేన్నా."

"వంటింటికి తూర్పున కిటికీ పెట్టినా నేను. ఏదది?"

చెంచులక్ష్మి భర్త వైపు చూసింది. భర్త రోడ్డు వైపు చూశాడు. ఆఖరుకు ఆమే చెప్పింది. "గాలొస్తే పొయ్యి ఆరిపోతా ఉండింది. మూసేసి అల్మారా చేసుకున్నాం. నీకు చెప్తే నొచ్చుకుంటావని చెప్పలా. నువ్వు వచ్చినప్పుడల్లా దాని ముందర చాప నిలబెట్టేదాన్ని."

ఇరవై ఆరేళ్ళ మోసం బయటపడ్డందుకు మేస్త్రికి కోపం రావాలి. ఆయన నవ్వాడు. తుంటి నొప్పి పుట్టేదాకా నవ్వి, కర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మెట్టు మధ్యలో అరిగి నున్నగా పల్లంగా ఉంది. దాన్ని కూడా చేత్తో తడిమి చూసుకొని, టేపు తీసి పల్లం లోతు కొలిచాడు.

మరునాటి నుంచి ముందుగదిలో జరిగింది శిథిలాల పని కాదు, గృహప్రవేశాలు. మేస్త్రి నిర్ణయం ప్రకారం ముందు జనం కాపురం చేయాలి, ఆ తరవాతే బాంబు. మొదటి ఇంట్లో దర్జీని దించాడు. రెండో ఇంట్లో హోమియో డాక్టరు. మూడో ఇంటి మేడ మీద ట్యూషన్లు చెప్పే టీచరు. స్తంభాల వరకే ఆగిన ఇంటికి గోడలు లేపి, అన్నదమ్ములు వాటాలు పంచుకున్న ఇల్లని చెప్పి మధ్యన అడ్డగోడ పెట్టాడు. అన్న వాటాకు పసుపు రంగు, తమ్ముడి వాటాకు నీలం. మగ్దలీనమ్మ ప్రతి వంటింట్లోనూ దీపం మసి వేలితో అద్ది పైకి లాగింది. చెంచులక్ష్మి అగ్గిపుల్లతో ఎర్ర రంగు ముంచి బొట్టుబిళ్ళలు పెట్టింది, ఆడపిల్లలున్న ఇళ్ళకే. పూసతో పచ్చడి జాడీ చేసింది. తన పాత రవిక అంచు కత్తిరించి దండెం మీద చీర ఆరేసింది. డాక్టరు గది గోడ మీద, రోగులు వరసగా కూర్చునే చోట, మేస్త్రి ఆరు తలల మరకలు పెట్టాడు.

"ఒకటి పైకుంది" అంది మగ్దలీనమ్మ.

"వాడు పొడుగు."

ముసురు వల్ల జిగురు ఆరడానికి రోజుకు బదులు రోజున్నర పట్టింది. టేబుల్ ఫ్యాను ఊరి మీద తిప్పి పెట్టారు. సోమవారం పొద్దునకు పది కుటుంబాలూ స్థిరపడ్డాయి. అప్పుడు మేస్త్రి సుత్తి అడిగాడు. మెర్లిన్ తెచ్చి ఇచ్చింది. ఆయన దర్జీ ఇంటి ముందు గోడ మీద ఒక్క దెబ్బ వేశాడు. గోడ లోపలికి పడింది, కుట్టుమిషను మీద. ఆయన వంగి లోపలికి చూసి, "అవునవును, ఇట్టానే ఉంటాది" అన్నాడు. ఆ తరవాత చేయి ఆగలేదు. కమ్మీలన్నీ పట్టకారుతో కిందికి వంచాడు, ఏ రెండూ ఒక పొడవు లేకుండా. ఒక్క విషయంలో మాత్రం పట్టు వదలలేదు: ఏ గోడ పెళ్ళలు ఆ గోడ కిందే పడాలి, వాటి రంగు దానికి సరిపోవాలి. డాక్టరు గది ఆకుపచ్చ ముక్క ఒకటి దర్జీ ఇంటి ముందు కనిపిస్తే, అది గాలిలో ఎగిరి రావడానికి బాంబు ఏ దిక్కున పడి ఉండాలో లెక్కవేసి, కుదరక, తీసి అవతల పెట్టించాడు.

గురువారం పొద్దున మెర్లిన్ ఫోటోలు పంపింది. ఈసారి పది నిమిషాల్లో జవాబు రాలేదు. ఇరవై నిమిషాలకూ రాలేదు. మేస్త్రి వరండాలోకి పోయి కూర్చున్నాడు. ఎదుటి మేడ ఇటుక వరస వంక కూడా చూడలేదు. ముప్పావు గంటకు ఫోను మోగింది. మెర్లిన్ బయటికొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఏమంటాడు?"

"ఒకే ముక్క. 'ఆ నీలం గదిలో ఎవరుండేవాళ్ళు?' అన్నాడు."

"తమ్ముడి భార్యని చెప్పు. ఇద్దరు పిల్లలు. పుట్టింటికి పోయుండారు, బాగుండారని చెప్పు."

శనివారం పొద్దున పదకొండు గంటలకు చెన్నై నుంచి మూడు కార్లలో పది మంది దిగారు. ఒకరికి జ్వరమట. మెర్లిన్ ఆ రోజుకు ఎట్లాగో సెలవు పెట్టుకుంది. మధుబాబు నలభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు, సైనికులను నగలపెట్టెలో తెచ్చుకున్నాడు. బల్ల చుట్టూ తిరగడానికే వాళ్ళకు అరగంట పట్టింది. మేస్త్రికి వరండాలో కుర్చీ వేశారు. అప్పగింత అయిపోయింది గనుక ఆయన అలవాటు ప్రకారం కొత్త పంచె కట్టుకొని అక్కడే కూర్చున్నాడు. లోపల పాచికలు దొర్లుతున్నాయి, టేపులు సర్రుమంటున్నాయి. మధ్యాహ్నానికి ఊళ్ళో మెర్లిన్ పక్షానిది పైచేయి. కూడలి ఒక్కటి చిక్కితే ఆట ఆమెదే.

అప్పుడు గొంతులు పెరిగాయి. మధుబాబు తన పెద్ద ఫిరంగినీ ఆరుగురు సైనికులనూ టీచరు ఇంటి రెండో అంతస్తు మీద, విరిగిన స్లాబు కొసన నిలబెట్టాడు. అక్కణ్ణుంచి కూడలి మొత్తం కనిపిస్తుంది.

"ఆ స్లాబు అంత బరువు మోయదు" అంది మెర్లిన్.

"నియమాల పుస్తకంలో అంతస్తులకు బరువు లెక్క లేదు."

"పుస్తకంలో లేకపోతే? అక్కడ బీము పోయింది. చూడండి."

"ఎవరు చెప్పాలి అది?"

అడిగిన మధుబాబే గుమ్మంలోకి వచ్చాడు. "మేస్త్రీ గారూ, ఒకసారి లోపలికొస్తారా? మీ అమ్మాయిదీ నాదీ తగువు. మీరేం చెప్తే అది."

క్రీస్తుదాసు లేచి వచ్చి, కర్ర గోడకు ఆనించి, బల్ల మీదికి వంగాడు. పది మందీ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన టేపు తీశాడు.

"ఈ ఫిరంగి నిజానికెంత ఉంటాది?"

"టన్నున్నర" అన్నాడు మధుబాబు.

"మనుషులు ఆరుగురు, నాలుగువందల కిలోలు వేసుకో. స్లాబు నాలుగంగుళాలది. బీము నుంచి బయటికి అంగుళమున్నర, అంటే ఏడున్నర అడుగులు, ఊరికె వేలాడతా ఉండాది." కాసేపు పెదవులు కదిపాడు. "ఆగదు."

మెర్లిన్ చిటికె వేసింది.

"ఆగు పాపా, చెప్పనీ. ఫిరంగిని వెనక్కి జరిపి ఈ రెండో బీము మీద పెడితే ఆగుతాది. మనుషులు గోడవారగా నిలబడాల. కొసకు ఒక్కడు కూడా పోకూడదు."

మధుబాబు ఫిరంగిని వెనక్కి జరిపాడు. అక్కణ్ణుంచి కూడా కూడలి కనిపిస్తూనే ఉంది, కొంచెం తక్కువగా. మెర్లిన్ తండ్రి వంక చూసింది.

"నాయనా, నేను నీ కూతుర్ని."

"బీముకి ఆ సంగతి తెలవదు గదా."

అందరూ నవ్వారు, ఆమె కూడా. ఆయన వరండాలోకి పోవడానికి తిరిగాడు గాని పోనివ్వలేదు. డాక్టరు ఇంటి మెట్లు మూడు విరిగాయి, సైనికులు ఎట్లా ఎక్కాలని ఒకరడిగారు. ఒకరి తరవాత ఒకరు, గోడవైపే అడుగులు వేయాలి అన్నాడు. అన్నదమ్ముల అడ్డగోడ గుండుకు ఆగుతుందా? ఆగదు, అది తగువులో కట్టిన గోడ, సిమెంటు తక్కువ. ఒకాయన కాగితం తీసుకొని ఇవన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. మగ్దలీనమ్మ చేపల పులుసు చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పింది. ఎవరూ కదలలేదు.

మెర్లిన్ వంతు వచ్చింది. ఆమె తన సైనికుల వంక, కూడలి వంక, ఫిరంగి వంక చూసి, తండ్రినడిగింది.

"ఆ రెండో బీమును కొడితే?"

మేస్త్రి మళ్ళీ వంగి చూశాడు. "గట్టి బీము. మామూలు గుండుకి లొంగదు. మొదలంట, స్తంభం అతుకు దగ్గర తగలాల."

"ఆరు పడితే తగిలినట్టా?" అని ఆమె మధుబాబునడిగింది.

"రెండు ఆర్లు" అన్నాడతను. "మీ నాన్న గట్టి బీమంటున్నారు కదా."

ఆమె పాచికలు అరచేతుల మధ్య చాలాసేపు ఆడించి వదిలింది. ఒకటి అక్కడే ఆరు చూపించి ఆగింది. రెండోది వీధి వెంట దొర్లి, దర్జీ ఇంటి పెళ్ళలకు తగిలి, ఆరు దగ్గర నిలబడింది. గదిలో ఎవరో ఈల వేశారు.

"పడిందనుకుందాం" అంటూ మధుబాబు ఓటమి ఒప్పుకొని ఫిరంగి తీయబోయాడు. "బల్ల పాడు కాకూడదు."

"అనుకునేదేంది?" అన్నాడు క్రీస్తుదాసు. బ్లేడు ఒకటి తెప్పించి, స్తంభం అతుకు దగ్గర రెండు కోతలు కోసి, వేలితో ఒక్క తోపు తోశాడు. స్లాబు కూలింది. ఫిరంగి, ఆరుగురు సైనికులు, టీచరు గారి నల్లబల్ల, గులాబీ రంగు గోడలో సగం కలిసి కింది అంతస్తు మీద పడి, అక్కణ్ణుంచి వీధిలోకి దొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మధుబాబు తన సైనికులను ఏరుకోవడానికి చేయి చాపాడు.

"ఉండండి సార్" అన్నాడు మేస్త్రి, బల్ల పక్కన నేల మీద మోకాలు ఆనించి, ఒక్కో పెళ్ళనూ అది పడవలసిన చోటికి జరుపుతూ. "ఇంకా కూలతా ఉండాది. తొందరేముంది?"